జలుబుకు యాంటీబయాటిక్స్ వాడాక కడుపు పాడైంది.. ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. నాగోలులో ఉంటాం. ఈ చలికాలంలో జలుబు, గొంతునొప్పి వచ్చిన ప్రతిసారీ మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసుకున్నాను. అలా మూడు కోర్సులయ్యాయి. నెల రోజులుగా కడుపు ఉబ్బరం, రోజుకు మూడు నాలుగుసార్లు నీళ్ల విరేచనాలు. పొద్దున్నే గ్యాస్ ట్యాబ్లెట్ వేసుకుంటున్నా తగ్గట్లేదు. ప్రోబయాటిక్ క్యాప్సూల్స్ వాడమని ఫ్రెండ్ అంటోంది, పెరుగన్నం తింటే చాలని మా అత్తమ్మ అంటున్నారు. మా అపార్ట్‌మెంట్ బోరు మూసీకి దగ్గర. ఆ నీళ్ల వల్లేమోనని కూడా టెన్షన్‌గా ఉంది. ఇంట్లో ఆరేళ్ల బాబు ఉన్నాడు.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు రాసింది చదివితే ముందుగా ఆ మూడు కోర్సుల మీదే అనుమానం వస్తోంది. జలుబు, గొంతునొప్పి చాలావరకు వైరస్‌లతో వస్తాయి. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయలేదు. పేగుల్లో మనకు పనికొచ్చే బ్యాక్టీరియాను మాత్రం చంపేస్తుంది. కలుపు లేని చేనుకు మందు కొట్టి పైరును మాడ్చుకున్నట్టు అవుతుంది.

మన ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటుందని 2016లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు. మన సొంత కణాల సంఖ్య కూడా ఇంచుమించు అంతే. ఆ బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం పెద్దపేగులోనే ఉంటుంది. మనకు అరగని పీచును అవి పులియబెట్టి బ్యుటిరేట్ అనే ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పేగు లోపలి పొరలోని కణాలకు ముఖ్యమైన ఆహారం అదే. పైగా చెడ్డ క్రిములకు అక్కడ చోటు దొరక్కుండా చూస్తాయి. ఈ సమూహం పలచబడితే ఉబ్బరం, విరేచనాలు మొదలవుతాయి. కొందరిలో క్లాస్ట్రిడియోయిడెస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా విపరీతంగా పెరిగి విషాలను వదులుతుంది. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

నెల దాటిన విరేచనాలకు కారణం ఊహించి ఊరుకోకూడదు. ఈ వారంలోనే ఫిజీషియన్‌ని కలిసి మూడు కోర్సుల సంగతీ చెప్పండి. మల పరీక్ష (అందులో డిఫిసిల్ టాక్సిన్ కూడా), రక్త పరీక్ష, థైరాయిడ్, షుగర్ చూస్తారు. ఈలోగా విరేచనాలకని షాపులో ఇచ్చే ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన బిళ్లలు మాత్రం వేసుకోకండి. అవీ యాంటీబయాటిక్సే, నాలుగో కోర్సు అవుతుంది.

గ్యాస్ ట్యాబ్లెట్ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. మన నగరంలో పొద్దున్నే యాసిడ్‌ను తగ్గించే పాంటాప్రజోల్ వేసుకోవడం చాలామందికి అలవాటైపోయింది. తిండితో పాటు లోపలికెళ్లే క్రిములను చంపేది కడుపులోని యాసిడే. అది తగ్గితే పేగు ఇన్ఫెక్షన్లు, డిఫిసిల్ ముప్పు పెరుగుతాయి. అల్సర్‌కో, గుండె మందులతో పాటో డాక్టర్ రాసిచ్చిందైతే సొంతంగా ఆపకండి. మీ అంతట మీరే మొదలుపెట్టి ఉంటే, కలిసినప్పుడు అడిగి మానేయండి.

మేలు చేసే బ్యాక్టీరియాను నింపిన ఆ ప్రోబయాటిక్ క్యాప్సూల్స్ విషయంలో నేను మీ అత్తమ్మగారి పక్షమే. 2018లో ఇజ్రాయెల్ పరిశోధకులు యాంటీబయాటిక్స్ వాడినవారికి ప్రోబయాటిక్స్ ఇచ్చి చూస్తే, ఏమీ ఇవ్వనివారికంటే వాళ్ల సొంత బ్యాక్టీరియా ఆలస్యంగా కోలుకుంది. అది చిన్న అధ్యయనం కాబట్టి దాన్నే తుది మాటగా చెప్పను. కానీ అంత డబ్బు పెట్టే అవసరం మీకు కనిపించడం లేదు. ఇంట్లో తోడుపెట్టిన పెరుగు, పడకపోతే పలచటి మజ్జిగ తీసుకోండి. ఇప్పుడే జొన్నరొట్టెలు, ఆకుకూరలు ఎక్కువ తింటే ఉబ్బరం పెరుగుతుంది. మెత్తటి అన్నం, పెసరపప్పు, అరటిపండుతో మొదలుపెట్టి, విరేచనాలు తగ్గాక మెల్లగా పీచు పెంచండి. ఓఆర్ఎస్ దగ్గర ఉంచుకోండి. బ్యాక్టీరియా మళ్లీ కుదురుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

మీరు బోరు సంగతి అడగడం మంచిదైంది. మూసీ పక్కన బోరు నీళ్లు తాగడానికి, వంటకు వద్దు. కాచినా క్రిములే చస్తాయి, రసాయనాలు పోవు. జలమండలి నీళ్లనే కాచి చల్లార్చి తాగండి, సంపును ఎప్పటికప్పుడు కడిగించండి.

యాంటీబయాటిక్స్ ప్రభావం పేగులతోనే ఆగదు, బయట నీళ్లలోనూ కనిపిస్తోంది. మీ నాగోలులో, అంబర్‌పేటలో మురుగు శుద్ధి ప్లాంట్లు నడిచేది కూడా బ్యాక్టీరియాతోనే, మురుగును తినేది అవే. కానీ మందుకు లొంగని క్రిములను ఆ ప్లాంట్లు పూర్తిగా వడకట్టలేవు. మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు వచ్చే పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. అంత మందులో బతికి బట్టకట్టిన బ్యాక్టీరియా తన జన్యువులను పక్క బ్యాక్టీరియాకూ ఇస్తుంది. నీళ్ల ద్వారా, ఆహారం ద్వారా అవి మళ్లీ మన పేగుల్లోకే చేరతాయి. మూత్రంలో మామూలు ఇన్ఫెక్షన్‌కు కూడా నోటి మందులు పనిచేయక ఇంజెక్షన్లకు అడ్మిట్ చేయాల్సి వస్తుంటే చాలా బాధగా ఉంటుంది. ఫ్యాక్టరీలను కట్టడి చేయాల్సింది ప్రభుత్వమే. మన చేతిలో ఉన్నది స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత చూస్తే డాక్టర్ చీటీ లేకుండా కొనకపోవడం, మిగిలిన మాత్రలను కమోడ్‌లో, సింక్‌లో పారేయకపోవడం.

బాబుకు జలుబు చేస్తే పోయినసారి మిగిలిన సిరప్ పట్టకండి. ఆయాసపడుతున్నా, మూడు రోజులు దాటినా జ్వరం తగ్గకపోయినా, నీళ్లు తాగకపోయినా పిల్లల డాక్టర్‌కు చూపించండి. ఇక మీకు మలంలో రక్తం, జ్వరం, భరించలేని కడుపునొప్పి, కళ్లు తిరగడం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలో లేచి వెళ్లాల్సి రావడం – వీటిలో ఏ ఒక్కటి ఉన్నా విరేచనాలు కట్టే మాత్రలు వేసుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.