ఒక్క నొక్కుతో ఫోన్ రూట్ అవుతుందా?

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఒక షాపులో ఒక్క నొక్కుతో ఫోన్‌ను రూట్ చేసే (సిస్టమ్ మీద పూర్తి అధికారం ఇచ్చే) యాప్ వేస్తామన్నారు, వేయించుకోవచ్చా అని అడిగారు. వద్దండి. అలాంటి యాప్‌లు పాత ఆండ్రాయిడ్‌లోని భద్రతా లోపాలను వాడుకునేవి. ఆ లోపాలను ఎప్పుడో సరిచేశారు.

ఇప్పుడు రూట్ చేయాలంటే ముందు బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే ఆండ్రాయిడ్‌ను లోడ్ చేసే ప్రోగ్రామ్) అన్‌లాక్ కావాలి. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి, అందులో ఓఈఎం అన్‌లాకింగ్ ఆన్ చేయాలి. కొన్ని కంపెనీలు అసలు అన్‌లాక్ చేయనివ్వవు. అన్‌లాక్‌తో ఫోన్లోని డేటా అంతా చెరిగిపోతుంది. ఫొటోలు, వాట్సాప్ బ్యాకప్ ముందే బయట దాచుకోండి.

తర్వాత మీ ఫోన్ ఫర్మ్‌వేర్ (కంపెనీ ఇచ్చే సిస్టమ్ సాఫ్ట్‌వేర్) నుంచి బూట్ ఇమేజ్ అనే, ఫోన్ మొదలవడానికి కావలసిన ఫైల్ తీసి (ఆండ్రాయిడ్ 13తోనే విడుదలైన ఫోన్లలో చాలావాటికి ఇనిట్‌బూట్ ఇమేజ్), మ్యాజిస్క్ అనే రూట్ యాప్‌తో ప్యాచ్ చేసి (మార్చి), కంప్యూటర్ నుంచి ఫాస్ట్‌బూట్ అనే మోడ్‌లో ఫోన్లోకి ఫ్లాష్ చేయాలి (ఎక్కించాలి). ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: ఇమేజ్ బిల్డ్ నంబర్‌కూ ఫోన్ బిల్డ్ నంబర్‌కూ ఒక్క అంకె తేడా ఉన్నా ఫోన్ లోగో దగ్గరే తిరుగుతూ ఉండిపోవచ్చు. మీ ఫోన్ బిల్డ్‌కు సరిపోయే, ప్యాచ్ చేయని అసలు ఇమేజ్ మళ్లీ ఫ్లాష్ చేస్తే సాధారణంగా లేస్తుంది, అందుకే దాన్ని పారేయకండి. తుపాను రోజుల్లో కరెంటు నమ్మకం లేదు కనుక డెస్క్‌టాప్ కన్నా ల్యాప్‌టాప్ మేలు.

శాంసంగ్‌లో ఫాస్ట్‌బూట్ ఉండదు, ఓడిన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడాలి. అందులోని నాక్స్ అనే భద్రతా ఏర్పాటు ఒకసారి పోతే మళ్లీ రాదు. రూట్ అయ్యాక బ్యాంకు, యూపీఐ యాప్‌లు మొరాయించవచ్చు. ఉన్నది ఒక్కటే ఫోనైతే చేయకండి.