ముందు స్ట్రింగ్స్‌కే రాయి, చిన్నా

చిన్నా,

నువ్వు కంప్యూటర్‌లో రాసి పంపిన సింఫనీ ఫైలు మళ్లీ మళ్లీ విన్నాను. ట్యూన్లు బాగున్నాయి, ముఖ్యంగా మొదట్లో వచ్చేది. కానీ ఫ్లూట్లు, హార్న్‌లు, ట్రంపెట్లు, డ్రమ్ములు అన్నీ ఒకేసారి పెట్టేసరికి ఏ ట్యూన్ ఎటు పోతోందో అందలేదు. పెద్ద ఆర్కెస్ట్రాకి సింఫనీ రాయాలన్న కోరిక వదులుకోమనను. కొన్నాళ్లు దాన్ని పక్కన పెట్టి స్ట్రింగ్స్‌కి, అంటే వయొలిన్లు, వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది, కింది గొంతుది), చెల్లో, డబుల్ బాస్, ఈ తీగ వాద్యాలకి మాత్రమే రాయి.

జర్మన్ స్వరకర్త ఫెలిక్స్ మెండెల్సన్ నేర్చుకున్నది ఇలాగే. 1821 నుంచి 1823 దాకా, పన్నెండో ఏటి నుంచి పద్నాలుగో ఏటి వరకు, బెర్లిన్‌లో ఉంటూ స్ట్రింగ్స్‌కి 12 సింఫనీలు రాశాడు. అందరూ బాలమేధావి అనేసి అక్కడితో ఆగిపోతారు. నాకు ఆ మాట నచ్చదు, ఎందుకంటే ఆ కుర్రాడు పడ్డ కష్టం దాని వెనక కనిపించకుండా పోతుంది. గురువు ట్సెల్టర్ అతని చేత ఫిగర్డ్ బాస్, కోరల్, కానన్, ఫ్యూగ్, అంటే స్వరాలు పేర్చే, ఒక గొంతు వెనక ఇంకో గొంతు అదే ట్యూన్ అందుకునేలా అల్లే అభ్యాసాలు, పట్టుబట్టి రాయించాడు. మొదటి ఆరు సింఫనీలూ 1821లోవే, మూడేసి భాగాలతో చిన్నచిన్నవి. వాటిలో పాతతరం స్వరకర్త బాఖ్ వినిపిస్తాడు, బాఖ్ కొడుకు ఎమ్మాన్యుయేల్ వినిపిస్తాడు, ఆ పోలికలు దాచాలని ఫెలిక్స్ ఎక్కడా చూడలేదు. నువ్వూ దాచకు. నచ్చినవాళ్ల పద్ధతిలో రాయడానికి సిగ్గుపడితే చెయ్యి తిరగదు.

వాటిని వరసగా విను, మధ్యలో దూకొద్దు. మొదటిదాని తర్వాత ఏడోది వింటే అదే మనిషేనా అనిపిస్తుంది, కానీ ఒక్కొక్కటీ దాటుకుంటూ వస్తే మలుపు ఎక్కడుందో నీకే తెలుస్తుంది. ఎనిమిదోదాని దగ్గర మాత్రం ఆగి, నెమ్మదిగా నడిచే రెండో భాగాన్ని స్కోరు (అన్ని వాద్యాల స్వరాలూ రాసి ఉన్న ప్రతి) ముందు పెట్టుకుని చూడు. అక్కడ వయొలిన్లు అసలు వాయించవు. మూడు వయోలా పార్టులు, కింద చెల్లో, బాస్, అంతే. పైన మెరిసే గొంతు లేకపోయేసరికి మనం ఎప్పుడూ పట్టించుకోని మధ్య స్వరాలే పాట అయిపోతాయి. అప్పటికి అతనికి పదమూడేళ్లు! తొమ్మిదోదాని ఆండాంటేలో, అంటే నింపాదిగా నడిచే భాగంలో, దీనికి తిరగేసి చేశాడు: మొదట నాలుగు వయొలిన్ పార్టులే, మధ్యలో అవి ఆగిపోతే కింది వాద్యాలు ఫ్యూగ్‌లా ఒకదాన్నొకటి తరుముకుంటూ వస్తాయి, మళ్లీ వయొలిన్లు. రంగులు మార్చడానికి వాద్యాలు పెంచక్కర్లేదు, ఉన్నవాటిలో కొన్నిటిని ఆపితే చాలునని నేను ఈ రెండు చోట్లే నేర్చుకున్నాను. ఆ ఎనిమిదోదాన్నే తర్వాత సుషిర వాద్యాలు కలిపి మళ్లీ రాశాడు చూడు. అంటే స్ట్రింగ్స్‌తో నిలబడ్డాకే మిగతావి వచ్చాయి.

ఇక నీ ఫైలు సంగతి. రెండో భాగంలో వయొలిన్లు ఎనిమిది బార్లు (తాళం ఆవర్తాలు) ఒకే స్లర్ కింద, అంటే బో (కమాను) ఒక్క లాగులో, గట్టిగా పట్టుకోవాలని రాశావు. కంప్యూటర్ పట్టుకుంటుంది, మనిషి చేతిలో బో అంతకుముందే అయిపోతుంది. వయోలా అడుగు తీగ సి, నువ్వు దాని కింద బి రాశావు, అది వాయిద్యంలోనే లేదు. బాస్‌కి రాసింది ఒక ఆక్టేవ్ (స్థాయి) కింద పలుకుతుందని గుర్తుపెట్టుకో, లేకపోతే అడుగున అంతా బురద బురదగా వినిపిస్తుంది. ఇవి పుస్తకం చదివితే ఒంటబట్టవు, ఎదురుగా ఒకరు వాయించి "ఇది కుదరదండీ" అన్నప్పుడు వస్తాయి. ఫెలిక్స్ నాన్న బ్యాంకరు, ఇంట్లో ఆదివారం కచేరీలు పెట్టేవారు, డబ్బిచ్చి రాజాస్థాన ఆర్కెస్ట్రా వాళ్లని పిలిపించేవారు. పిల్లవాడు రాసింది సిరా ఆరేలోపే చెవిన పడేది. నీకంత వెసులుబాటు లేదు, సరే. కానీ పార్టుకి ఒక్కరు చొప్పున నలుగురు చాలు, బాస్ లేకపోయినా చెల్లో ఉంటే నడుస్తుంది. నా దగ్గర నేర్చుకున్నవాళ్లు ఇద్దరున్నారు, నేను చెబితే వస్తారు, మిగతా ఇద్దర్ని నువ్వు వెతుక్కో.

మూడు భాగాలతో చిన్నది రాయి, ఒక్కోటి మూడు నిమిషాలు దాటకుండా. వాయించాక తప్పులు కనిపిస్తాయి. వాటిని నెలలకొద్దీ దిద్దుతూ కూర్చోకు, రెండోది మొదలుపెట్టు, అందులో ఆ తప్పు రాకుండా చూసుకో. ఫెలిక్స్ ఈ పన్నెండింటినీ బతికుండగా అచ్చు వేయించలేదు. 1824లో పూర్తి ఆర్కెస్ట్రాకి రాసిన సి మైనర్ సింఫనీని లోకం మొదటిది అంటుంది గానీ, రాతప్రతి మీద అతను వేసుకున్న నంబరు 13. అతని లెక్కలో ఆ పన్నెండూ ఉన్నాయి.

వయోలా పార్ట్ అయ్యాక ముందు అదొక్కటే నాకు పంపు, మిగతావి వద్దు. దాన్ని విడిగా పాడి చూస్తాను, పాటలా ఉంటే మిగతాది చూద్దాం.

మీ పెదనాన్న