2400 బిట్లలో మాట: ఈ ప్రాజెక్టుతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా బాబు ఈసీఈ మూడో సంవత్సరం. తోటివాళ్ళంతా కోడింగ్ కోచింగ్‌లకు పోతుంటే, వీడు ‘సెకనుకు 2400 బిట్లలో మాట పంపే రహస్య ఫోన్’ అంటూ ఒక ప్రాజెక్టు పట్టుకుని కూర్చున్నాడు. దీనికి ఉద్యోగాలుంటాయా సార్? – ఒక తల్లి, విజయవాడ

జవాబు: టెన్షన్ పడకండమ్మా. ముందు మీవాడు పట్టుకున్నదేమిటో చూద్దాం. గొంతు మీద రెండు వేళ్ళు ఆనించి ‘ఆ’ అని సాగదీయండి, అదురుతుంది. ‘స్‌స్’ అనండి, అదరదు. మామూలు డిజిటల్ ల్యాండ్‌లైన్ వ్యవస్థ మన స్వరాన్ని సెకనుకు 8000 సార్లు కొలిచి, కొలతకు 8 బిట్ల (0, 1 అంకెల) చొప్పున 64,000 బిట్లు పంపుతుంది. మీవాడి ప్రాజెక్టులో ఉండేది వోకోడర్, అంటే మాటను బాగా కుదించే యంత్రం. అది స్వరాన్ని పంపదు. గొంతు అదురుతోందా, ఎంత వేగంగా, ఎంత గట్టిగా, నోరు ఏ ఆకారంలో ఉంది అన్న వివరాలే పంపుతుంది. అవతలి యంత్రం వాటితో మాటను మళ్ళీ పుట్టిస్తుంది. ఎల్పీసీ-10 అనే అమెరికా ప్రమాణంలో 22.5 మిల్లీసెకన్ల ముక్కకు 54 బిట్లే. సెకనుకు లెక్కేస్తే సరిగ్గా 2400.

ఇంత పిసినారితనం ఎందుకంటే, పాత టెలిఫోన్ లైన్లలో మోడెం ద్వారా 64 వేలు పట్టేవి కావు, 2400 పట్టేవి. మాట అంకెలుగా మారితే ఎన్‌క్రిప్ట్ చేయడం (ఇతరులకు అర్థం కాని రహస్య సంకేతంగా మార్చడం) కూడా తేలిక. 1943లో మిత్రరాజ్యాల నేతల మాటలను రహస్యంగా మోసిన సిగ్‌సాలీ యంత్రం బరువు దాదాపు 55 టన్నులు. 1987 నాటికి అమెరికాలో అదే పని బల్ల మీది ఫోన్‌లోకి వచ్చింది. ఇప్పటికీ దూరప్రాంత సైనిక రేడియోల్లో, ఇరుకు శాటిలైట్ లింకుల్లో దీని అవసరం ఉంది.

ఇక ఉద్యోగాలు. ‘వోకోడర్ ఇంజినీర్ కావలెను’ అని నోటిఫికేషన్ రాదు. ఇలాంటి పనికి దగ్గరగా ఉండే చోట్లు మన దేశంలో డీఆర్‌డీఓ ల్యాబులు, రక్షణ ఎలక్ట్రానిక్స్ సంస్థ బీఈఎల్, టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్. పోస్టులు తక్కువ. డీఆర్‌డీఓలో సైంటిస్ట్-బి పోస్టు కావాలంటే గేట్ స్కోరు మీద దృష్టి పెట్టాలి. దీని ఒక్కదాన్నే నమ్ముకోమని నేను చెప్పను. కానీ ఇదే సిగ్నల్ ప్రాసెసింగ్ ఇయర్‌ఫోన్లలో, హియరింగ్ ఎయిడ్లలో, ఫోన్ చిప్పుల్లో ఉంటుంది. ఆ చిప్పులు చేసే కంపెనీలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. పరిశోధన మీద మనసుంటే ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో స్పీచ్ ల్యాబ్ ఉంది. ‘అమెరికాలో ఎంఎస్ చేసి అక్కడి రక్షణ కంపెనీలో చేరతా’ అంటే మాత్రం ఆపండి. రహస్య ప్రాజెక్టులకు సాధారణంగా ఆ దేశ పౌరసత్వం అడుగుతారు. ఫీజు కట్టాక తెలిస్తే బాధే.

నాకు కనిపించే లోటు వేరే ఉంది. మాట్‌ల్యాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో గ్రాఫులు గీసి ప్రాజెక్టు అయిపోయిందనుకునేవాళ్ళు ఎక్కువ. నా దగ్గరికి వచ్చిన ఒకబ్బాయిని ఇంటర్వ్యూలో ‘ఇదే ఫిల్టర్ ఫిక్స్‌డ్ పాయింట్‌లో రాయి, ఓవర్‌ఫ్లో ఎక్కడొస్తుందో చెప్పు’ అన్నారు. అంటే చిన్న చిప్పులో పట్టే పరిమిత అంకెలతో లెక్క చేసి, ఆ పరిమితి ఎక్కడ దాటుతుందో చెప్పమని. ఇరవై నిమిషాలు బోర్డు చూస్తూ నిలబడ్డాడు. మీ బాబును సీ భాషలో రాసి చవకైన సర్క్యూట్ బోర్డు మీద నడపమనండి. పోల్చుకోవడానికి కోడెక్ 2 అనే ఓపెన్ సోర్స్ వోకోడర్ ఉంది, దాని కోడ్ చదవమనండి. ఎన్‌క్రిప్షన్ మాత్రం సొంతంగా కనిపెట్టొద్దు, ఏఈఎస్ లాంటి ప్రమాణమే వాడాలి. కుదించాకే ఎన్‌క్రిప్ట్ చేయాలి. ఎన్‌క్రిప్ట్ అయిన బిట్లలో ఏ క్రమమూ మిగలదు కాబట్టి వాటిని మళ్ళీ కుదించడం కుదరదు. ‘ముందు ఏది, ఎందుకు’ అనేది ఇంటర్వ్యూలో అడగదగ్గ ప్రశ్న.

ఇంకో పని ఉంది, దీనికి మీరూ కావాలి. ఇలాంటి వోకోడర్లను ఇంగ్లీషులో ఒకే అక్షరం తేడా ఉన్న జంట పదాలతో పరీక్షిస్తారు. తెలుగులో అలాంటి జాబితా వాడినే తయారుచేయమనండి: పాట–బాట, కాలి–గాలి, తడి–దడి. 2400 బిట్ల గుండా వచ్చిన మాటను మీకు వినిపించి, ఏది విన్నారో కాగితం మీద టిక్ పెట్టించుకోమనండి. అమ్మమ్మకూ, పక్కింటివాళ్ళకూ కూడా. ఏ జంట దగ్గర ఎక్కువమంది తప్పారో ఆ పట్టికను రెజ్యూమేలో మొదటి పేజీలోనే పెట్టాలి.