ఏళ్లుగా చదివిన ఫాంటసీ సిరీస్ ఆఖరి పుస్తకం అయిపోయాక వచ్చే దిగులు మామూలేనా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: 'వీల్ ఆఫ్ టైమ్' పద్నాలుగో పుస్తకం ముగించి వారం దాటింది, ఏ పని మీదా మనసు నిలవడం లేదు, ఒంగోలులో మీ స్నేహితులు "కథల పుస్తకానికి ఇంత బాధా" అని నవ్వుతున్నారు. ఇది మామూలేనా, వెంటనే ఇంకో సిరీస్ మొదలుపెడితే తగ్గుతుందా అని అడిగారు.

మామూలే. నేను నెల్లూరు నుంచి రాస్తున్నాను. ఈ ఆఖరి పుస్తకం, అంటే 2013 జనవరిలో వచ్చిన 'ఎ మెమరీ ఆఫ్ లైట్', మా ఇంట్లో ముగ్గురిని కదిలించింది. ఆ ముగ్గురిలో ఒకరు ఇంగ్లీషు చదవరు కూడా. అందుకే మీ దిగులు గురించి కాస్త వివరంగా చెప్పాలనిపించింది. కింద ముగింపు మొత్తం ఉంది, సిరీస్ ఇంకా చదువుతున్నవాళ్లు ఇక్కడే ఆగిపోండి.

మా తమ్ముడు అప్పట్లో చెన్నైలో ఉద్యోగం. పుస్తకం అక్కడ కొని పినాకిని రైల్లో నెల్లూరు తెచ్చాడు. ఉన్నది ఒక్క కాపీ, చదవాల్సినవాళ్లం ఇద్దరం. పగలు వాడు, రాత్రి నేను. నేను ఎక్కడి దాకా వచ్చానో కనుక్కుని, అంతవరకే మాట్లాడేవాడు. దాదాపు తొమ్మిది వందల పేజీల పుస్తకం అది. అందులో 'ది లాస్ట్ బ్యాటిల్' అనే ఒక్క అధ్యాయమే రెండు వందల పేజీలకు దగ్గరగా ఉంటుంది. దాన్ని మధ్యలో ఆపి నిద్రపోవడం ఎవరివల్లా కాదు.

ఇష్టమైన పాత్రలు చనిపోతే పాఠకులు ఏడుస్తారని అందరూ అనుకుంటారు. నాకు అలా జరగలేదు. ఎగ్వేన్ చనిపోయినప్పుడు కళ్లలో నీళ్లు రాలేదు. పల్లెటూరి పూటకూళ్ల ఇంటి పిల్ల, ఎన్ని పుస్తకాల పాటు మన కళ్ల ముందు ఎదిగి, మంత్రశక్తి ఉన్న ఆడవాళ్ల కూటమికి పెద్దగా ఆమిర్లిన్ పీఠం మీద కూర్చుంది! ఆమె పోయిందంటే కనీసం పుస్తకం మూసి కాసేపు కూర్చోవాలి కదా. కానీ యుద్ధం ఆగదు. తర్వాతి పేరాలో ఇంకెవరో కత్తి దూస్తుంటారు, మనమూ వాళ్ల వెంట పరిగెత్తాల్సిందే. బాధపడటానికి తీరిక ఉండదు.

నాకు ఏడుపు వచ్చింది ఆ తర్వాత, కథానాయకుడు రాండ్ చీకటి ప్రభువుకు ఎదురుగా నిలబడినచోట. తనవల్ల చనిపోయిన ఆడవాళ్ల పేర్లను రాండ్ ఎన్నో పుస్తకాలుగా మనసులో జాబితాలా వల్లిస్తూ తనను తాను శిక్షించుకుంటూ ఉంటాడు. అక్కడ ఎగ్వేన్ గొంతు అతనికి వినిపిస్తుంది. మేము నమ్మినదాని కోసం మేమే ఎంచుకున్న చావు ఇది, దాన్ని మా దగ్గర లాక్కోకు అన్న అర్థం వచ్చేలా మాట్లాడుతుంది. ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. చావు కన్నా, చనిపోయినవాళ్లను వదిలిపెట్టడం ఎలాగో చెప్పిన ఆ మాట నన్ను పట్టుకుంది. మొత్తం సిరీస్‌లో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించే చోటు అదే.

తమ్ముడి సంగతి వేరు. వాడికి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఉపసంహారంలో రాండ్ మరో శరీరంలో బతికి ఉంటాడు, తన శవం కోసమే చితి వెలుగుతుంటే తండ్రి టామ్‌ను కలవకుండానే గుర్రమెక్కి వెళ్లిపోతాడు. "ఏందక్కా ఇది? బతికున్నానని నాయనకు ఒక్కమాట చెప్పి పోకూడదా? ఆ పెద్దాయన కొడుకు పోయాడనుకునే కదా ఉంటాడు!" అని వాడు రెండు రోజులు అదే మాట. ఆ ముగింపును నేను వెనకేసుకొచ్చాను. మొదటి పుస్తకం నుంచీ ఎవరో ఒకరు రాండ్‌ను తమ పని కోసం లాగుతూనే ఉన్నారు, ఒక్కసారైనా ఎవరికీ జవాబు చెప్పకుండా బయటికి నడిచే హక్కు అతనికి ఉందని నా వాదన. ఇప్పటికీ అదే అంటాను. కానీ వాడి కోపం కూడా న్యాయమైనదే. అది టామ్ మీద ప్రేమ.

మూడో మనిషి మా అమ్మ. మేమిద్దరం వంటింట్లో కూర్చుని ఏళ్ల తరబడి ఈ కథ చెప్పుకుంటుంటే ఆమె కూర తరుగుతూ వినేది. పేర్లు నోరు తిరిగేవి కావు గనక తన పేర్లు తను పెట్టుకుంది. ఎగ్వేన్ 'పూటకూళ్ల పిల్ల', లాన్ 'రాజ్యం పోయిన రాజు'. కథంతా అయిపోయిందని చెప్పి, ఎవరెవరు పోయారో, ఎవరు మిగిలారో ఏకరువు పెట్టాం. అంతా విని ఆమె అడిగింది ఒక్కటే: "ఆ గుర్రం ఏమైంది పాపా?"

బేలా గురించి. మొదటి పుస్తకం 1990లో వచ్చింది. దాని మొదటి అధ్యాయంలోనే రాండ్, వాళ్ల నాన్న టామ్ ఊళ్లోకి నడిచి వస్తుంటే వాళ్ల బండి లాగే జూలు గుర్రం అది. యుద్ధ గుర్రం కాదు, జాతి గుర్రమూ కాదు. ఆఖరి పుస్తకంలో ఓల్వర్ అనే పసివాడిని వీపు మీద మోస్తూ, శత్రువుల మధ్యనుంచి పరిగెత్తి పరిగెత్తి చనిపోతుంది. ఆ పిల్లవాడు ఊదిన బూరకే చనిపోయిన వీరులు తిరిగి లేచి వస్తారు. ఈ సిరీస్ చదివినవాళ్లలో రాజుల కోసం కన్నా బేలా కోసం ఎక్కువ ఏడ్చామని చెప్పేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. అమ్మకు ఆ సంగతి తెలియదు, తనకు తానుగా అడిగింది. చెప్పాను. "ధర్మరాజు కుక్కను విడిచి స్వర్గానికే రానన్నాడు. వీళ్లు ఆ గుర్రం కోసం ఒక్క క్షణం నిలబడలేదా?" అంది.

ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. నాకు వచ్చిన జవాబు, మీ దిగులుకు కూడా కారణం అని నేను నమ్మేది, ఇదీ.

భారతంలో యుద్ధం పద్దెనిమిది రోజుల్లో అయిపోతుంది. సౌప్తికంతో చంపుకోవడాలు ముగుస్తాయి. కానీ కథ ఆగదు, ఇంకా ఎనిమిది పర్వాలున్నాయి. స్త్రీపర్వంలో గాంధారి శవాల మధ్య నడుస్తూ ఏడుస్తుంది. శాంతిపర్వంలో ధర్మరాజు గెలిచిన రాజ్యం నాకొద్దంటాడు, అతన్ని ఊరుకోబెట్టడానికి భీష్ముడి అంతటివాడు అంపశయ్య మీద నుంచి మాట్లాడాలి. ఆశ్రమవాసపర్వంలో అయితే వ్యాసుడు యుద్ధంలో పోయినవాళ్లందరినీ గంగలోంచి ఒక్క రాత్రికి పైకి రప్పిస్తాడు, తల్లులూ భార్యలూ వాళ్లను మరొక్కసారి చూసుకుంటారు. ఆఖరి పుస్తకం మూసిన ప్రతి పాఠకుడూ కోరుకునేది అదే కదా, మరొక్కసారి చూడాలని. ఆ తర్వాతే మౌసలం, మహాప్రస్థానం, స్వర్గారోహణం. విన్నవాళ్ల దుఃఖం మెల్లగా దిగడానికి అంత చోటు ఇచ్చారు.

టోల్కీన్‌కూ ఇది తెలుసు. 1955లో వచ్చిన ఆయన ఆఖరి సంపుటంలో ఉంగరం నాశనమయ్యాక ఇంకా ఆరు అధ్యాయాలున్నాయి. కాపాడిన ఊళ్లో తాను ఉండలేక ఫ్రోడో ఓడెక్కి వెళ్లిపోవడం అక్కడే వస్తుంది. యుద్ధం అయ్యాక ఇంత సాగదీత ఎందుకని విసుక్కునేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ పేజీల వల్లనే ఆ పుస్తకం మూసినప్పుడు మనసు భారంగా ఉన్నా నిండుగా ఉంటుంది.

'వీల్ ఆఫ్ టైమ్' దగ్గర ఆ చోటు లేదు. పద్నాలుగు పుస్తకాలు, దాదాపు 44 లక్షల పదాలు, చివరికి యుద్ధం తర్వాత ఒక్క ఉపసంహారం. అన్నేళ్లు తోడున్న మనుషులు తర్వాత ఎలా బతికారో చూడకుండానే తలుపు మూసుకుపోతుంది. వారం దాటినా మీ మనసు అక్కడే తిరగడానికి కారణం ఇదే అనుకుంటున్నాను. ఏడవాల్సినచోట పుస్తకం మిమ్మల్ని పరిగెత్తించింది, ఆ ఏడుపు ఇప్పుడు వస్తోంది.

ఇంకో దుఃఖం కూడా ఈ సిరీస్‌లో కలిసిపోయి ఉంది. రచయిత రాబర్ట్ జోర్డన్ ఈ ముగింపు చూడలేదు. గుండెకు వచ్చిన అమిలాయిడోసిస్ జబ్బుతో 2007 సెప్టెంబరులో పోయాడు. పోయేముందు కథ ఎలా ముగియాలో ఇంట్లోవాళ్లకు చెప్పాడు, నోట్సు వదిలాడు, ఆఖరి సన్నివేశం తనే రాసి పెట్టాడు. ఆయన భార్య హారియెట్ మెక్‌డూగల్ ఆయన పుస్తకాలకు ఎడిటర్ కూడా. బ్రాండన్ శాండర్సన్ అనే యువ రచయిత జోర్డన్‌కు రాసిన నివాళి చదివి, తర్వాత అతని నవల కూడా చదివి, మిగిలింది అతనికి అప్పగించింది. ఒక్క పుస్తకం అనుకున్నది మూడైంది: 2009, 2010, 2013. శాండర్సన్ కుర్రవాడిగా ఉన్నప్పటి నుంచీ ఈ సిరీస్ పాఠకుడే. చార్లెస్టన్‌లో వాళ్లింటికి మొదటిసారి వెళ్లినప్పుడే జోర్డన్ రాసిన ముగింపు అతని చేతికిచ్చారు. ఆ ముగింపును మనసులో పెట్టుకుని అన్నేళ్లు దానివైపు రాసుకుంటూ వచ్చాడు.

ఈ విషయం చెబితే మా నాన్న ముఖం వెలిగింది. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు, మాది కందుకూరు వైపు. పక్కనున్న గుడ్లూరు ఎర్రనదని మావైపు చెప్పుకుంటారు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో, శరత్కాలపు రాత్రుల దగ్గర ఆగిపోయాడు. పదమూడో శతాబ్దంలో మన నెల్లూరు తిక్కన దాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు రాశాడు. మధ్యలో మిగిలిన ముక్కను పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన పూరించాడు. తను అద్దంకి రెడ్ల ఆస్థానంలో ఉండి కూడా దాన్ని నన్నయ రాజైన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు, నన్నయ వదిలిన ఆ శరత్తునే అందుకుని మొదలుపెట్టాడు. "వాళ్ల పద్ధతీ అదేనన్నమాట" అన్నారు నాన్న, ఎంతో తృప్తిగా. అప్పటినుంచి శాండర్సన్ మీద నాకున్న ఫిర్యాదులు కాస్త మెత్తబడ్డాయి. ఫిర్యాదులు ఉన్నాయి. 2009 పుస్తకంలో రాండ్ స్నేహితుడు మాట్ పాత మాట్ కాదు, ఆ మాట శాండర్సనే తర్వాత ఒప్పుకున్నాడు. మొదటి పుస్తకం నుంచీ వెంటాడుతూ వచ్చిన పాడన్ ఫేన్‌ను ఆఖర్లో రెండు నిమిషాల్లో తేల్చేశారు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అయినా ఆఖరి పేజీలకు వచ్చేసరికి ఇవి జోర్డన్ తన చేత్తో రాసి వెళ్లిన మాటలని తెలిసి చదవడంలో ఉన్న బాధ ముందు అవేవీ నిలవలేదు. మీరు ఆ సంగతి తెలిసి చదివారో లేదో. తెలియకపోతే ఆ చివరి భాగం మరోసారి చదవండి.

ఇక ఏం చేయాలన్నది. వెంటనే ఇంకో పెద్ద సిరీస్ మొదలుపెట్టకండి. నేను చూసినంతలో అలా మొదలుపెట్టినవాళ్లు కొత్తదాన్ని పాతదానితో పోల్చి రెండో పుస్తకం దగ్గర వదిలేస్తారు. కొన్నాళ్లు చిన్న కథలు చదవండి, లేదా ఏమీ చదవకండి. ముఖ్యంగా మాట్లాడండి. పుస్తకంలో లేని ఆ పర్వాలను మా ఇంట్లో మేం మాటలతో నింపుకున్నాం. టామ్‌కు నిజం ఎవరు చెప్పి ఉంటారు, మాట్ పిల్లలకు ఏ ఆటలు నేర్పి ఉంటాడు అని తమ్ముడూ నేనూ నెలల తరబడి వాదించుకున్నాం. ఆ తర్వాతి కథలు కొన్ని రాయాలని జోర్డన్‌కు ఉండేది, అవి రాలేదు, ఇక రావు కూడా. అందుకే ఆ ఊహలు మనం చేసుకోవడంలో తప్పేం లేదు.

నవ్విన స్నేహితుల మాట పట్టించుకోకండి. హరికథలో అభిమన్యుడు పడిపోయినప్పుడు కొంగుతో కళ్లు తుడుచుకున్న మన పెద్దవాళ్లను చూసి ఎవరూ నవ్వలేదు.

ఒంగోలులో ఈ సిరీస్ చదివినవాళ్లు దొరకడం లేదని రాశారు కాబట్టి నాతో మాట్లాడండి. మీరు ఎగ్వేన్ గురించి, రాండ్ గురించి రాశారు గానీ రాండ్ మరో స్నేహితుడు పెర్రిన్ గురించి ఒక్క మాట లేదు. యుద్ధం అంతా అయ్యాక అతను భార్య ఫైలేను వెతుక్కుంటూ శవాల మధ్య తిరిగే చోటు మీకెలా అనిపించింది? మా తమ్ముడు ఆ పేజీలు చదివి నాకు పుస్తకం ఇవ్వకుండా దాచిపెట్టాడు, ముందు తను తేరుకోవాలని. నేనైతే ఈ ఆఖరి పుస్తకంలో బాధపడటానికి తీరిక ఇచ్చిన కొద్దిచోట్లలో అదొకటి అంటాను.