టెక్ సందేహాలు: ముల్లు గంతులేస్తోందా? మీటర్ జోలికి పోకండి, ముందు కేబుల్ లాగి చూడండి

ప్రశ్న: నాది పాత హీరో హోండా స్ప్లెండర్. రోజూ డ్యూటీకి దాని మీదే వెళ్తాను. నెల రోజులుగా మీటర్ దగ్గర పిట్ట అరిచినట్టు కిచకిచమని చప్పుడు. నలభైలో పోతుంటే ముల్లు 30కీ 50కీ మధ్య ఊగుతోంది. మీటర్ మొత్తం మార్చాలని మెకానిక్ అంటున్నాడు. మార్చేయమంటారా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: చిప్పూ, బ్యాటరీ లేని గాడ్జెట్ గురించి ఇన్నాళ్లకు ఒకరు అడిగారు, సంతోషం. మార్చకండి. కిలోమీటర్ల అంకెలు మామూలుగా తిరుగుతూ ముల్లు ఒక్కటే ఊగుతుంటే, నూటికి తొంభైసార్లు దోషం కేబుల్‌దే అని నా అనుభవం.

ముందు చక్రం దగ్గరున్న చిన్న గేరు కేబుల్ ఇన్నర్‌ని, అంటే లోపలి తీగని తిప్పుతుంది. ఇన్నర్ వెళ్లి మీటర్‌లోని అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాన్ని కప్పుతూ ఓ అల్యూమినియం గిన్నె ఉంటుంది కానీ రెండూ ఎక్కడా తగలవు. అయస్కాంతం తిరిగేకొద్దీ గిన్నెలో ఎడ్డీ కరెంట్లు (సుడులు తిరిగే విద్యుత్ ప్రవాహాలు) పుట్టి దాన్నీ తిరగమని లాగుతాయి, సన్నటి స్ప్రింగేమో వెనక్కి పట్టి ఉంచుతుంది. ఆ పెనుగులాటలో ముల్లు ఎక్కడ నిలిస్తే అదే మీ స్పీడు. జర్మనీలో ఒట్టో షుల్జ్ 1902లో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది.

ఇన్నర్ పొడిబారితే ఔటర్‌లో, అంటే పై తొడుగులో ఒకచోట పట్టేస్తుంది. కింద చక్రం ఆగదు కదా, తీగ మెలితిరిగి మెలితిరిగి ఒక్కసారిగా వదులుతుంది. మీరు చూస్తున్న గంతు అదే. గేటు కమ్మీల్నే తినేసే మన సముద్రపు గాలి, తొడుగు చిరిగిన కేబుల్‌ని ఊరికే వదులుతుందా?

పైన మీటర్ కింది నట్టు చేత్తోనే వదులవుతుంది. కింద చక్రం దగ్గర ఒక స్క్రూ. రెండూ విప్పి, ఇన్నర్‌ని బయటికి లాగండి. కొన్ని కేబుళ్లలో అది రాదు, అలాంటప్పుడు కేబుల్ మార్చేయడమే. వస్తే కిరసనాయిలుతో తుడిచి, నేల మీద దొర్లించండి. ఎక్కడైనా ఎగిరిపడితే అక్కడ వంగినట్టు. పోగులు లేచినా, నాలుగు పలకల కొన అరిగి గుండ్రబడినా కొత్తది వేయాల్సిందే. బాగానే ఉంటే వేళ్ల మధ్య గ్రీజు పల్చగా రాసి ఎక్కించండి. పైన జానెడు మేర మాత్రం పొడిగానే వదిలేయండి. తిరిగే తీగ స్క్రూలాగా గ్రీజుని పైకి తోడేస్తుంది. నేనొకసారి ఉదారంగా కొసదాకా పూశాను. నెల తిరక్కుండా గ్రీజు మీటర్‌లోకి ఎక్కి, ముల్లు ఇరవై దగ్గర అతుక్కుపోయింది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి సరిపెట్టకండి, నాలుగు రోజుల్లో ఆరిపోతుంది.

బిగించేటప్పుడు హ్యాండిల్ రెండువైపులా పూర్తిగా తిప్పి చూడండి. కేబుల్ ఎక్కడా మడత పడకూడదు.

ఒక్క పరీక్ష మిగిలింది. పై కొన మీటర్‌నుంచి ఊడదీసి, హ్యాండిల్‌కి కట్టి వీధి చివరిదాకా నడపండి. అప్పుడు కిచకిచ పోతే పొడిబారింది మీటర్ లోపలి బుష్ (ఇరుసు తిరిగే చిన్న గొట్టం). అప్పుడే మెకానిక్ మాట వినండి. వినకుండా కొత్త కేబుల్ వేస్తే బిగుసుకున్న మీటర్ దాన్నీ తెంపుతుంది.

ప్రశ్న: బీచ్ రోడ్డులో ఫోన్ మ్యాప్ 55 అంటుంటే బండి 60 చూపిస్తోంది. ఏది నమ్మాలి?
– ఎంవీపీ కాలనీ నుంచి

జవాబు: తిన్నని రోడ్డు మీద ఒకే వేగంతో పోతుంటే ఫోన్‌నే. అసలు వేగం కంటే తక్కువ చూపకూడదన్న నియమం వల్ల కంపెనీలు మీటర్‌ని కాస్త ఎక్కువ వైపే పెడతాయి. టైరు అరిగితే తేడా ఇంకొంచెం పెరుగుతుంది. ఫోన్‌ని వెనక కూర్చున్నవాళ్ల చేతికివ్వండి. సింహాచలం ఘాట్ మలుపుల్లో మాత్రం ఫోన్ అంకె రెండు క్షణాలు వెనకబడుతుంది, అక్కడ బండి మీటరే చూసుకోండి.