మయోనీస్ లేకుండా కోల్‌స్లాకు వెనిగర్ డ్రెస్సింగ్ ఇంట్లో ఎలా కలుపుకోవాలి?

కోల్‌స్లా అంటే సన్నగా తరిగిన పచ్చి క్యాబేజీ సలాడ్. కర్నూలు ఎండలకు మయోనీస్ ఎక్కడ పాడవుతుందోనని టెన్షన్ ఉంటే వెనిగర్ డ్రెస్సింగే మేలు.

అర కిలో క్యాబేజీకి 4 టేబుల్ స్పూన్ల వెనిగర్, 2 టేబుల్ స్పూన్ల చక్కెర, 2 టేబుల్ స్పూన్ల నూనె, అర టీస్పూను ఆవపొడి, కాస్త మిరియాల పొడి చాలు. ముందు చక్కెరను వెనిగర్‌లోనే పూర్తిగా కరిగించండి. నూనెలో అది కరగదు, పంటికింద పలుకులుగా తగులుతుంది. తర్వాత ఆవపొడి వేసి, నూనె కొంచెం కొంచెంగా పోస్తూ గిలకొట్టాలి. నూనె, వెనిగర్ వెంటనే విడిపోకుండా ఆవపొడి కాస్త పట్టి ఉంచుతుంది.

కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్ చాలావరకు సింథటిక్‌దే, ఘాటెక్కువ. ఒక స్పూను నీళ్లు కలిపితే తగ్గుతుంది. అనంతపురం వైపు గానుగ వేరుశెనగ నూనె మంచిదే కానీ, దాని వాసన క్యాబేజీని మింగేస్తుంది. నేనైతే సగం గానుగ నూనె, సగం రిఫైన్డ్ పోస్తాను.

అసలు కిటుకు క్యాబేజీలో ఉంది. సన్నగా తరిగి, అర టీస్పూను ఉప్పు పట్టించి అరగంట ఉంచండి. ఊరిన నీటిని గట్టిగా పిండేశాకే డ్రెస్సింగ్ కలపాలి, లేదంటే గిన్నె అడుగున చారు తయారవుతుంది. కర్నూలు ఉల్లిపాయ తరుగు వేస్తే ఇంకా బాగుంటుంది. డ్రెస్సింగ్‌లో మళ్లీ ఉప్పు వేసేముందు రుచి చూడండి. కలిపాక ఫ్రిజ్‌లో గంట ఉంచి తినండి.