కొలిజన్ల లెక్కలా, క్వాంటమ్ పునాదులా? రెండూ కావాలంటున్న అమ్మాయికి

"బీఎస్సీ ఫిజిక్స్ సెకండియర్ చదువుతున్నా, పార్టికల్స్ ఢీకొన్నప్పుడు ఏం జరుగుతుందో థియరీగా లెక్కలేసే రీసెర్చ్ చేయాలనుంది, అసలు క్వాంటమ్ మెకానిక్స్ పునాదులేంటో కూడా తేల్చుకోవాలనుంది, నాన్నేమో ఇది తిండి పెట్టే చదువు కాదంటున్నారు" అని రాశావు కదమ్మా.

నాన్నగారి భయం ఉత్తి భయమేం కాదు. పీహెచ్‌డీ అయ్యాక రెండేసి మూడేసి ఏళ్ల పోస్ట్‌డాక్‌లు, అంటే టెంపరరీ రీసెర్చ్ ఉద్యోగాలు ఉంటాయి, అవీ ఒకటితో అయిపోవు, ఎక్కడ దొరికితే అక్కడికి మూట కట్టుకుని పోవాలి, అంతా చేశాక కూడా పర్మనెంట్ పోస్టు వస్తుందన్న గ్యారంటీ లేదు. చాలామంది చివరికి డేటా సైన్స్, ఫైనాన్స్, సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లిపోతారు, అక్కడ బాగానే స్థిరపడతారు కూడా, కాకపోతే కోడింగ్ వచ్చినవాళ్లకే అది తేలిక కాబట్టి పైథాన్, సీ ప్లస్ ప్లస్ ఇప్పట్నుంచే పట్టుకో.

ఇక నీ అసలు సంగతి. నువ్వు రెండింటినీ ఒకే గాటన కట్టేశావు గానీ బయట అవి రెండు వేర్వేరు గుంపులు. జెనీవా దగ్గరున్న పార్టికల్ ఫిజిక్స్ ల్యాబ్ సెర్న్‌లో, పార్టికల్స్‌ని ఢీకొట్టించే 27 కిలోమీటర్ల ఎల్‌హెచ్‌సీ రింగు నుంచి వచ్చే డేటాని పోల్చి చూడ్డానికి ఎవరో ఒకరు థియరీ నుంచి నంబర్ తీసివ్వాలి కదా, అందుకని కొలిజన్ల లెక్కలు చేసేవాళ్లకి తక్కువే అయినా పోస్టులుంటాయి. ఒట్టి ఫౌండేషన్స్ అంటే మరీ కష్టం. అందుకే నేననేది, జీతం తెచ్చే పని కొలిజన్స్ అవ్వాలి, ఫౌండేషన్స్ దాని పక్కన నడవాలి.

ఇదేదో సర్దుకుపొమ్మని చెప్పడం కాదు, జాన్ బెల్ అనే ఫిజిసిస్ట్ చేసింది అచ్చంగా ఇదే. ఆక్సిలరేటర్, అంటే పార్టికల్స్‌ని వేగంగా పరిగెత్తించే యంత్రం, దాని డిజైన్ పని చేసి వచ్చిన మనిషి, సెర్న్‌లో ఆయన ఉద్యోగం పార్టికల్ థియరీ, 1964లో సెలవు మీద అమెరికా వెళ్లినప్పుడు రాసి, కొన్నేళ్లకే మూతపడ్డ ఒక జర్నల్‌లో వేసుకున్న చిన్న పేపరే బెల్ థీరమ్. దూరంగా ఉన్న రెండు కణాల మధ్య క్వాంటమ్ చెప్పే సంబంధాన్ని, అవి ముందే తమలో దాచుకుని తెచ్చుకున్న సమాచారంతో, ఒకదాని ప్రభావం రెండోదాని మీద పడకుండా వివరించలేం అని చెప్పేది అదే. దాని మీద ప్రయోగాలు చేసిన అస్పె, క్లౌజర్, జైలింగర్‌లకి 2022లో నోబెల్ వచ్చింది, బెల్ మాత్రం 1990లోనే పోయారు.

పైగా ఇప్పుడు ఆ రెండు గుంపులూ మాట్లాడుకోవడం మొదలైంది. టాప్ క్వార్క్ అనే బరువైన కణం, దాని యాంటీ కణం యాంటీ టాప్, ఈ జంటలో ఎంటాంగిల్‌మెంట్, అంటే ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని విడిగా వర్ణించలేనంత ముడి ఉందని 2023లో ఎల్‌హెచ్‌సీలోని అట్లాస్ ప్రయోగం వాళ్లు చూపించారు, తర్వాత అక్కడే ఉన్న సీఎంఎస్ ప్రయోగం వాళ్లూ చూపించారు. టాప్ క్వార్క్‌కి వేరే క్వార్క్‌లతో కలిసి హాడ్రాన్‌గా మారేంత టైమే ఉండదు, ముందే వేరే కణాలుగా విడిపోతుంది, దాంతో దాని స్పిన్ (సొంత తిరుగుడు లాంటి గుణం) సంగతి అందులోంచి వచ్చే లెప్టాన్‌ల, అంటే ఎలక్ట్రాన్, మ్యూఆన్ లాంటి కణాల దిశల్లో మిగిలిపోతుంది, ఆ లెప్టాన్‌ల మధ్య కోణాలు కొలిచి ఈ విషయం లాగారు. అయితే ఎంటాంగిల్‌మెంట్ కనబడటం వేరు, బెల్ ఇనీక్వాలిటీని, అంటే బెల్ థీరమ్ పెట్టిన హద్దుని దాటిందని నిరూపించడం వేరు, కొలైడర్లో ఆ రెండోది అసలు సరైన టెస్ట్ అవుతుందా అన్నది ఇంకా వాదనలోనే ఉంది. నీకు పని దొరికే చోటు అదే అని నాకనిపిస్తోంది.

ఈ లైన్ నీకు పడుతుందో లేదో తెలుసుకోడానికి ఒక లెక్క చెప్తా. లాగ్రాంజియన్ మెకానిక్స్, స్పెషల్ రిలేటివిటీ, క్వాంటమ్ గట్టిగా చదివేసి, ఫీల్డ్ థియరీ మొదలెట్టాక, ఎలక్ట్రాన్ పాజిట్రాన్ ఢీకొని మ్యూఆన్ జంట వచ్చే క్రాస్ సెక్షన్, అంటే అలా జరిగే అవకాశం ఎంతో చెప్పే కొలత, కాగితం మీద నువ్వే తియ్యి, కంప్యూటర్ ముట్టుకోకు. గామా మాట్రిక్స్‌ల ట్రేస్‌లన్నీ వేసి, ఎనర్జీ ఎక్కువుందనుకుని మాస్‌లు వదిలేస్తే కోణం భాగం ఒకటి ప్లస్ కాస్ స్క్వేర్ తీటా రావాలి. ఎక్కడో ఒక 2 తప్పిపోతుంది, అందరికీ పోతుంది. దాన్ని వెతకడంలో నీకు అన్నం సంగతి గుర్తు రాలేదంటే సరే, పేజీ చించెయ్యాలనిపిస్తే మాత్రం ఆలోచించుకో, ఎందుకంటే ఐదారేళ్ల పీహెచ్‌డీలో రోజూ ఉండేది ఆ వెతుకులాటే.

పీహెచ్‌డీకి అప్లై చేసేటప్పుడు గైడ్ పేరు చూసి పడిపోకు, ఆయన పాత స్టూడెంట్స్ ఇప్పుడెక్కడున్నారో కనుక్కో, ఇండస్ట్రీకి వెళ్లినవాళ్లతో సహా. ఆ లిస్ట్ నాన్నగారికి కూడా చూపించు, నేను రాసిందాని కన్నా ఆయనకి అదే ఎక్కువ నమ్మకంగా ఉంటుంది.